చొంగ, జ్వరం, విరేచనాలు: అన్నీ పళ్ళ మీదికే నెట్టేయొచ్చా?

సాగర్‌నగర్_అమ్మ
పాపకి ఆరున్నర నెలలు, బరువు 7 కిలోలు. మూడో నెల నుంచే చొంగ కారుస్తోంది. ఇప్పుడు చేతికందిందల్లా కొరుకుతోంది, చెవి లాక్కుంటోంది, రాత్రి రెండు మూడుసార్లు లేచి ఏడుస్తోంది. నిన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది, పొద్దున్నుంచి నీళ్ళ విరేచనాలు. అత్తయ్యగారిదీ పక్కింటి మామ్మగారిదీ ఒకటే మాట: "పళ్ళొస్తున్నాయి, అలాగే ఉంటాది, మందులెయ్యకు." మందుల షాపులో అడిగితే చిగుళ్ళకి రాసే జెల్ ఇచ్చారు. పళ్ళు నాలుగో నెలకే వస్తాయని ఒకరంటారు, ఏడాదికని ఇంకొకరు. అసలు పళ్ళొచ్చే ముందు కనిపించే గుర్తులేంటి? ఏవి కావు? ఆ జెల్ రాయొచ్చా?

రైతుబజార్_రాణి
పళ్ళే. ఆరో నెల, చొంగ, కొరుకుడు, ఇంకేం కావాలి? విరేచనాలు కూడా వాటివే. చొంగ మింగితే కడుపు పల్చబడుతుంది. నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది.

పిల్లలవార్డు_సిస్టర్
రాణి గారూ, కొరుకుడు వరకు ఒప్పుకుంటాను. విరేచనాలు మాత్రం పళ్ళ ఖాతాలో రాయకండి. చొంగ మింగితే నీళ్ళ విరేచనాలు కావు. "పళ్ళ విరేచనాలు" అని ఇంట్లోనే ఉంచేసి, బిడ్డ వాడిపోయాక ఆసుపత్రికి పరిగెత్తడమే ఇందులో అసలు ప్రమాదం.

ఆరో నెల దగ్గర మూడు నాలుగు పనులు ఒకేసారి జరుగుతాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ ఉంటుంది. అన్నం, జావ మొదలవుతాయి. బిడ్డ దొర్లుతూ నేల మీదున్నదల్లా నోట్లో పెట్టుకుంటుంది. పళ్ళూ అప్పుడే వస్తాయి కాబట్టి తప్పు వాటి మీద పడుతోంది.

సాగర్‌నగర్ గారూ, ఇవి చెప్పండి: థర్మామీటర్‌లో ఎంతుంది? పొద్దున్నుంచి ఎన్ని విరేచనాలు? ఉచ్చ ఎన్నిసార్లు పోసింది? ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయా? మాడు లోపలికి గుంట పడిందా? కొత్తగా ఏం తినిపిస్తున్నారు?

సాగర్‌నగర్_అమ్మ
చంకలో పెడితే 101.2. ఐదు విరేచనాలు, నీళ్ళలాగే, రక్తం లేదు. ఒక వాంతి. ఉచ్చ మూడుసార్లు. కన్నీళ్ళొస్తున్నాయి, మాడు మామూలుగానే ఉంది, నా పాలు తాగుతోంది. వారం నుంచి రాగిజావ పల్చగా చేసి సీసాలో పోసి పడుతున్నాం.

పిల్లలవార్డు_సిస్టర్
ఆ సీసా మీదే నా అనుమానం. జావ జిగురు పీక లోపల, చిల్లు దగ్గర, మూత మరల్లో అంటుకుని ఉండిపోతుంది. మన ఊరి ఉక్కకి రెండు మూడు గంటల్లోనే క్రిములు పెరుగుతాయి. ఈ రోజుతో సీసా ఆపేయండి. గిన్నె, చెంచా చాలు. జావ కూడా చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పల్చగా చేస్తే కడుపు నిండుతుంది తప్ప బలం అందదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ అయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపండి, చిన్న ప్యాకెట్ అయితే 200 మిల్లీలీటర్లలో. సగం ప్యాకెట్ గ్లాసులో ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు ఎక్కువై మొదటికే మోసం. ప్రతి విరేచనం తరవాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, నిమిషానికొక చెంచా చొప్పున పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టెల్లో అమ్మే పళ్ళరసాలు వద్దు, వాటిలోని చక్కెర విరేచనాలని పెంచుతుంది. మీ పాలు ఆపకండి, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. జింక్ ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యాలి.

జ్వరం, వాంతి, విరేచనాలు మూడూ ఉన్నాయి కాబట్టి ఈ రోజే డాక్టర్‌కి చూపించండి. 6 గంటలు ఉచ్చ పొయ్యకపోయినా, మత్తుగా పడుకున్నా, తాగడం మానేసినా, మలంలో రక్తం కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. రాత్రయినా సరే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ క్యాజువాల్టీకో, దగ్గర్లో పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రికో వెళ్ళిపోండి.

సాగర్‌నగర్_అమ్మ
సాయంత్రం ఓపీకి తీసుకెళ్తున్నాం. సీసా పక్కన పెట్టేశాను.

జగదాంబ_ఫార్మసీ
వెళ్ళేలోపు ఆ జెల్ మాత్రం రాయకండి. ట్యూబు వెనక చూడండి. లిడోకెయిన్, బెంజోకెయిన్, కోలీన్ శాలిసిలేట్, ఈ మూడిట్లో ఏదో ఒకటి ఉంటుంది.

మొదటి రెండూ తిమ్మిరెక్కించేవి. రాసిన కొద్ది నిమిషాల్లో చొంగతో కొట్టుకుపోతాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ రాస్తారు, అదంతా కడుపులోకి పోతుంది. గొంతు కూడా తిమ్మిరెక్కితే పాలు పొలమారతాయి. లిడోకెయిన్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. బెంజోకెయిన్‌తో రక్తం ఆక్సిజన్ మోసే శక్తి పడిపోయి పెదాలు నీలంగా మారిన కేసులున్నాయి. అందుకే 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండేళ్ళలోపు పిల్లలకి అది వాడొద్దంది. మూడోది ఆస్పిరిన్ జాతి. నోటి జెల్ రూపంలో 16 ఏళ్ళలోపు వాళ్ళకి ఇవ్వొద్దని బ్రిటన్ 2009లోనే ఆపేసింది. మన దగ్గర చీటీ లేకుండానే చేతికిచ్చేస్తున్నారు.

డాల్ఫిన్‌నోస్_డాడీ
మరి రాత్రంతా ఏడుస్తుంటే ఊరుకోవాలా? పారాసిటమాల్ అయినా వెయ్యొచ్చా?

జగదాంబ_ఫార్మసీ
వెయ్యొచ్చు, బరువుని బట్టి. కిలోకి 15 మిల్లీగ్రాములు, 6 గంటలకొకసారి, రోజుకి 4 సార్లకి మించకూడదు. 7 కిలోల పాపకి ఒక మోతాదు 105 మిల్లీగ్రాములు అవుతుంది.

పొరపాటు జరిగేది మందు సీసా దగ్గర. చుక్కల మందు ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. అంటే ఈ పాపకి చుక్కలైతే 1 మిల్లీలీటరు, 125 సిరప్ అయితే 4, 250 అయితే 2. "4 పొయ్యండి" అని ఎవరో సిరప్ గురించి చెప్పింది విని చుక్కల మందు 4 మిల్లీలీటర్లు పోస్తే నాలుగింతలైపోతుంది, కాలేయానికి దెబ్బ. వంటింటి చెంచా వాడొద్దు, సూది లేని సిరంజితో కొలవండి.

మూడు నెలల లోపు బిడ్డకి జ్వరమొస్తే ఇంట్లో మందు వేసి చూడటం అసలు వద్దు, నేరుగా డాక్టరే. నిమెసులైడ్ పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి, 12 ఏళ్ళలోపు పిల్లలకి మన దేశంలో 2011 నుంచి నిషేధం. ఆస్పిరిన్ కూడా వద్దు.

పాలపన్ను_డాక్టర్
ఫార్మసీ గారు చెప్పింది అక్షరాలా నిజం. పళ్ళ వైపు నుంచి నేను చెప్తాను, పిల్లల పళ్ళు చూసే డాక్టర్‌ని.

మూడో నెల చొంగ పళ్ళ గుర్తు కాదు. రెండు నుంచి నాలుగు నెలల మధ్య లాలాజలం ఊరడం పెరుగుతుంది, మింగే నేర్పు ఇంకా అంత రాదు, ముందు ఆపడానికి పళ్ళ గోడ లేదు. అందుకే కారిపోతుంది. పిడికిలి నోట్లో కుక్కుకోవడం కూడా ఆ వయసు ఆటే.

ఎక్కువమందికి మొదటి పన్ను ఆరో నెల అటూ ఇటూగా వస్తుంది. నాలుగో నెలకి వచ్చినా, ఏడాదికి వచ్చినా మామూలే. కింద మధ్య రెండు 6 నుంచి 10 నెలల్లో, పైన మధ్య రెండు 8 నుంచి 12లో, వాటి పక్కవి పైన 9 నుంచి 13, కింద 10 నుంచి 16 నెలల్లో. ఆ తరవాత కోరపళ్ళు వస్తాయనుకుంటారు, కాదు. ముందు మొదటి దవడ పళ్ళు 13 నుంచి 19 నెలల్లో వచ్చి, మధ్యలో ఖాళీ వదిలిపెడతాయి. కోరలు 16 నుంచి 23 నెలల్లో ఆ ఖాళీలోకి దిగుతాయి. చివరి దవడ పళ్ళు రెండు నుంచి రెండున్నర, మూడేళ్ళ మధ్య. మొత్తం 20. రెండేళ్ళ దాకా ఒక మోటు లెక్క: నెలల్లోంచి 6 తీసేస్తే ఎన్ని పళ్ళుండాలో దాదాపు తెలుస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి పుట్టినరోజు నుంచి కాకుండా డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కేయండి.

నిజమైన గుర్తులు పన్ను బయటపడే ముందు 4 రోజులు, ఆ రోజు, తరవాత 3 రోజులు మాత్రమే ఎక్కువగా ఉంటాయి. 2000లో అమెరికాలో పిల్లల్ని రోజూ గమనించి చేసిన అధ్యయనంలో తేలిందిది. కొరకడం, చొంగ, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, ఎక్కువసేపు మెలకువగా ఉండటం, చెవి రుద్దుకోవడం, గట్టి ఆహారం మీద అయిష్టం, బుగ్గల మీద పొక్కులు, కాస్త వెచ్చదనం. ఇంతే. 102 దాటిన జ్వరం, విరేచనాలు, వాంతులు, దగ్గు పళ్ళతో ముడిపడలేదు. నెలల తరబడి "పళ్ళొస్తున్నాయి" అంటూ ఉంటే అది పళ్ళ పని కాదు.

భీమిలి_బుజ్జి
"కాస్త వెచ్చదనం" అంటే ఎంత డాక్టర్ గారూ? మా ఇంట్లో చెయ్యి పెట్టి చూడటమే థర్మామీటర్.

పాలపన్ను_డాక్టర్
100.4 ఫారన్‌హీట్ చేరితే జ్వరం అనే లెక్క. పళ్ళని పక్కన పెట్టి కారణం వెతకాలి. మే నెల ఉక్కలో మందపాటి బట్టలేసినా ఒళ్ళు కాలుతుంది, విప్పి పావుగంట ఆగి డిజిటల్ థర్మామీటర్‌తో చూడండి.

పిల్లలవార్డు_సిస్టర్
ఇంకో తికమక: తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తరవాత జ్వరం అదే రోజు రాకపోవచ్చు, వారం నుంచి పన్నెండు రోజులకి కూడా వస్తుంది. అప్పటికి టీకా సంగతి మరిచిపోయి పళ్ళంటారు. కార్డు తీసి తేదీ చూసుకోండి.

చెవి లాక్కోవడంతో పాటు జ్వరముండి, పడుకోబెట్టగానే గుక్కపట్టి ఏడిస్తే, చెవి నుంచి చీము కారితే అది చెవి ఇన్ఫెక్షన్. చొంగ ఒక్కసారిగా పెరిగి, పాలు నోట్లో పెట్టగానే వెనక్కి తోసేసి ఏడుస్తుంటే టార్చి వేసి నోరు చూడండి. నాలుక మీద, బుగ్గ లోపల పుళ్ళు, చిగుళ్ళు ఎర్రగా వాచి రక్తం చెమ్మ ఉంటే హెర్పిస్ కావచ్చు. అరచేతుల్లో, అరికాళ్ళలో నీటి పొక్కులుంటే చెయ్యి కాలు నోటి జబ్బు. రెండూ పళ్ళ పేరుతో ఇంట్లో ఉండిపోతుంటాయి.

ఎంవీపీ_మామ్మ
ఇన్ని మందులు తప్పంటున్నారు సరే. మా కాలంలో వస కొమ్ము అరగదీసి తేనెలో రంగరించి చిగుళ్ళకి రాసేవాళ్ళం. వెలిగారం కూడా. పిల్లలు బాగానే పెరిగారు కదమ్మా?

జగదాంబ_ఫార్మసీ
మామ్మగారూ, చిగుళ్ళని వేలితో రుద్దడం వరకు మీ పద్ధతే మంచిది, ఆ ఒత్తిడికే సగం ఊరట. పైన పూసేవే ఇబ్బంది. తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, బాట్యులిజం అనే జబ్బుతో బిడ్డ ఒళ్ళు తోటకూర కాడలా వాలిపోతుంది. వెలిగారం విషమే, కొద్దికొద్దిగా పోయినా ఫిట్స్ తెప్పిస్తుంది. వస ఎక్కువైతే వాంతులు, అరగదీసే రాయికి అంటుకున్న మురికి వేరే.

ఎంవీపీ_మామ్మ
తేనె సంగతి మా కోడలు చెప్తే నమ్మలేదు. సరే, వేలితో రుద్దడమే చేస్తాను.

పాలపన్ను_డాక్టర్
గోళ్ళు తీసి, సబ్బుతో చేతులు కడుక్కుని, వేలి మెత్తటి భాగంతో ఒకటి రెండు నిమిషాలు నొక్కినట్టు రుద్దండి. లేదా శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డ తడిపి పిండి, ఫ్రిజ్‌లో పావుగంట ఉంచి కొరకనివ్వండి. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టింది చిగుళ్ళని కాలుస్తుంది. టీథర్ కొంటే ఒకే ముక్కగా పోసిన సిలికాన్‌ది కొనండి. లోపల నీళ్ళున్నవి పన్ను మొన తగిలి కారిపోతాయి.

ఆర్కేబీచ్_అత్త
మనకి దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది కదా, ఆ లక్క గిలక్కాయి ఇస్తే సరిపోదా? పుట్టింటి వాళ్ళు పెట్టారు.

లక్కపిడత
ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో చేస్తారు, లక్కలో చెట్ల రంగులు కలిపి తిరిగే చక్రం మీదే అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆడించడానికి అంతకంటే మంచి బొమ్మ లేదు. కానీ బజార్లో అదే పోలికతో పెయింటు వేసిన బొమ్మలూ ఉంటాయి, ఎక్కడ కొన్నారో తెలియకపోతే నోట్లోకి వద్దు. అసలుదైనా రోజంతా కొరికి నానబెడితే లక్క పొర లేస్తుంది, గిలక్కాయి అతుకు వదిలితే లోపలి గింజలు గొంతుకి అడ్డం పడతాయి. చూపించి ఊపడానికి అది, కొరకడానికి సిలికాన్. ఉడికించి కడగడానికి కూడా కర్ర పనికిరాదు.

పిల్లలవార్డు_సిస్టర్
గొంతుకి అడ్డం పడేవంటే చేతికి కట్టే దిష్టిపూసలు కూడా. పిల్లలు మణికట్టునే కొరుకుతారు, దారం నాని తెగుతుంది, పూస లోపలికి. మురుగుల గజ్జెలూ అంతే. మెడలో పళ్ళ దండలని ఆన్‌లైన్లో అమ్మే పసుపు రాళ్ళు అసలే వద్దు, నిద్రలో మెడకి బిగుసుకుంటాయి.

రైతుబజార్_రాణి
మరి జంతిక? ములక్కాడ? మా వీధిలో అందరూ ఇవే ఇస్తారు కొరుక్కోమని.

పిల్లలవార్డు_సిస్టర్
జంతిక, చేగోడీ, పచ్చి క్యారెట్ వద్దు. చిగుళ్ళతోనే ముక్క విరుగుతుంది, నమలడానికి దవడ పళ్ళు లేవు. ములక్కాడ పీచు, తేగ పీచు గొంతులో ఇరుక్కుంటాయి. ఆరు నెలలు దాటితే జాలీ ఫీడర్‌లో (పండు ముక్క లోపల పెట్టి చీకించే చిన్న వల సంచి) చల్లటి అరటిపండు, వేసవిలో పై తొక్క తీసిన లేత తాటిముంజ పెట్టండి. పక్కన మనిషి కూర్చునే ఉండాలి. వాడిన వెంటనే జాలీ తిరగేసి కడగండి, జావ సీసాకి పట్టిన గతే దీనికీ పడుతుంది.

రైతుబజార్_రాణి
ముంజల ఐడియా బాగుంది, ఈ వేసవికి చిన్నోడికి అదే.

ముగ్గురక్కల_తమ్ముడు
ఒక సందేహం. మా రెండో అక్క కొడుక్కి పై పళ్ళు ముందొచ్చాయి. మేనమామకి గండమని ఇంట్లో అందరూ నావైపు చూస్తున్నారు. బండి కూడా తియ్యనివ్వట్లేదు.

పాలపన్ను_డాక్టర్
హెల్మెట్ పెట్టుకుని బండి తియ్యండి బాబూ. కొందరికి పైవి ముందు రావడం వంశాన్ని బట్టి ఉంటుంది. పన్నుతో పుట్టే పిల్లలూ ఉన్నారు, దాదాపు 2000 నుంచి 3000 మందిలో ఒకరు. ఎవరికీ కీడు కాదు. అలా పుట్టిన పన్ను బాగా ఊగుతుంటేనో, నాలుక కింద పుండు చేస్తుంటేనో మాత్రం చూపించాలి. పుట్టిన వారాల్లో చిగుళ్ళ మీద కనిపించే తెల్ల పూసల్లాంటివి పళ్ళు కావు, వాటంతటవే పోతాయి. పన్ను రాబోయే చోట నీలం బుడగ లేచినా గుచ్చకండి, పన్ను వస్తే అదే పగిలిపోతుంది.

గాజువాక_నాన్న
బాబుకి 13 నెలలు, ఒక్క పన్ను లేదు. కాల్షియం చుక్కలు వెయ్యమంటున్నారు, బయో కాంబినేషన్ 21 అనే హోమియో మాత్రలు అంటున్నారు. ఏవి మంచివి?

పాలపన్ను_డాక్టర్
రెండూ పన్నుని లాక్కురావు. పాలపళ్ళు గట్టిపడటం తల్లి కడుపులో నాలుగో నెలలోనే మొదలవుతుంది, ఇప్పుడు కాల్షియం పోస్తే తొందరగా పైకి రావు. ఆ మాత్రల్లో ఉండేది దాదాపు అంతా పాల చక్కెరే. మీకో మీ ఆవిడకో పళ్ళు ఆలస్యంగా వచ్చాయేమో పెద్దవాళ్ళని అడగండి. అలాంటి వంశమైతే ఎక్కువసార్లు కారణం అదే. అయినా మొదటి పుట్టినరోజుకి ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపించాలి, మీరు ఈ వారమే వెళ్ళండి. 18 నెలలకీ రాకపోతే పరీక్షలు తప్పవు.

ఈలోపు ఇవి గమనించండి: మాడు ఇంకా బాగా తెరుచుకునే ఉందా, మణికట్లు లావుగా ఉన్నాయా, నిలబడటం ఆలస్యమా? విటమిన్ డి తక్కువై ఎముకలు మెత్తబడే రికెట్స్ వస్తే అలా ఉంటుంది. మలబద్ధకం, మందకొడితనం, ఎత్తు పెరగకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు. పుట్టినప్పటి నుంచి విటమిన్ డి రోజుకి 400 యూనిట్లు ఇచ్చారా?

గాజువాక_నాన్న
మూడు నెలలిచ్చి ఆపేశాం. నిలబడుతున్నాడు, పట్టుకుని నడుస్తున్నాడు. మా నాన్నకి కూడా ఏడాదిన్నరకి వచ్చాయట. సోమవారం తీసుకెళ్తాను.

సింహాచలం_సంపెంగ
పన్నొచ్చాక పాలిచ్చేటప్పుడు కొరికితే ఏం చెయ్యాలి? మా చెల్లి పాలు మాన్పించేద్దామంటోంది.

పిల్లలవార్డు_సిస్టర్
మాన్పించొద్దు. బిడ్డ సరిగ్గా చీకుతున్నంతసేపు నాలుక కింది పళ్ళని కప్పేస్తుంది, కొరకలేదు. కొరికేది ఎక్కువగా కడుపు నిండి ఆటలో పడ్డప్పుడు. చీకడం మందగించగానే చిటికెన వేలు నోటి మూలలోంచి పెట్టి పట్టు విడిపించాలి. గబుక్కున లాగితే గాయమవుతుంది. కొరికేస్తే బిడ్డని రొమ్ముకి ఇంకాస్త దగ్గరికి అదిమితే ముక్కుకి అడ్డమై తనే నోరు తెరుస్తుంది. పాలిచ్చే ముందు చల్లటి గుడ్డ కాసేపు కొరకనివ్వమనండి.

సాగర్‌నగర్_అమ్మ
చూపించి వచ్చాం. కడుపు ఇన్ఫెక్షనే అన్నారు, చెవులు బాగున్నాయట. ఓఆర్‌ఎస్, జింక్ రాశారు, యాంటీబయాటిక్ అవసరం లేదన్నారు. జ్వరానికి చుక్కలు 1 మిల్లీలీటరు, ఇక్కడ చెప్పిన లెక్కే. కింది చిగురులో తెల్ల గీత ఉందని డాక్టర్ కూడా చూపించారు, అంటే పన్నూ వస్తోంది, జబ్బూ వచ్చింది. అత్తయ్యగారు విన్నారు, సీసా ఆవిడే పారేశారు. గడ్డం కింద పొక్కులు మాత్రం ఎర్రగా మండుతున్నాయి.

పిల్లలవార్డు_సిస్టర్
తుడవకండి, మెత్తటి గుడ్డతో అద్దండి. ఆరాక పెట్రోలియం జెల్లీ పల్చగా, పడుకోబెట్టే ముందు, తినిపించే ముందు. గుండె మీద కట్టే గుడ్డ తడవగానే మార్చండి, సముద్రపు గాలికి ఇక్కడ అదంతట అది ఆరదు. పౌడర్ చల్లొద్దు. మెడ ముడతల్లో తెల్లపొర కనిపిస్తే ఫంగస్, అప్పుడు మందు వేరే.

సాగర్‌నగర్_అమ్మ
పన్ను బయటికొస్తే పేస్టు పెట్టాలా? రెండేళ్ళ దాకా వద్దంటారే.

పాలపన్ను_డాక్టర్
మొదటి పన్ను రోజు నుంచే. బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు, 1000 పీపీఎం అని రాసి ఉన్నది, మెత్తటి చిన్న బ్రష్ మీద, రోజుకి రెండుసార్లు. అంత కొంచెం మింగినా పర్లేదు. మూడేళ్ళు నిండాక బఠానీ గింజంత. రాత్రి బ్రష్ అయ్యాక సీసాతో పాలు, చక్కెర నీళ్ళు నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దు. నెలకోసారి పై పెదవి ఎత్తి చూడండి. పై ముందు పళ్ళ మీద చిగురు పక్కనే సుద్ద గీతలా తెల్లగా కనిపిస్తే అది పుచ్చుకి మొదలు. గోధుమరంగు తిరక్కముందే వస్తే ఫ్లోరైడ్ పూతతో ఆపొచ్చు.